మేకు

పెదజాలరిపేట దాటాక సముద్రం వాసన మలుపు తిరిగే చోట
మా బడి.
కిటికీ ఊచలు ఏడాదికోసారి తుప్పు రాలుస్తాయి
మేం ఏడాదికోసారి రంగు పూస్తాం.
అదొక ఒప్పందం.

ఎనిమిదో తరగతి గోడకి పెద్ద తెర బిగించి పోయారు
లారీలో వచ్చినవాళ్లు.
హెడ్మాస్టారు అప్పలాచారి గారు
దానికి పూలగుడ్డ కుట్టించారు,
గదికి తాళం వేయించారు,
తాళంచెవి జేబులో, జేబు మీద చెయ్యి.
"ఉప్పుగాలి మాస్టారూ! పాడైతే ఎవడు కడతాడు?"
ఇన్‌స్పెక్షన్ రోజు మాత్రం
అమ్మవారికి తెర తీసినట్టు గుడ్డ తీసేవాళ్లం.

నాకూ హాయిగానే ఉండేది, అబద్ధమెందుకు.
ఇరవై ఆరేళ్లుగా సుద్దముక్క
నా చూపుడువేలికి నాలుగో కణుపు.
త్రిభుజం గీయడానికి కరెంటెందుకు?

తర్వాత నూకరత్నం మేడమ్ వచ్చింది,
అనకాపల్లి బస్సు దిగి, చేతిలో టిఫిన్ కేరేజీతో.
సర్క్యులర్ చదువుతుందనీ
ఎవరెన్ని గంటలు వాడారో రిజిస్టర్ పెడుతుందనీ
కాచుక్కూచున్నాం.
ఆవిడ గుడ్డ తీసి నాలుగు మడతలు పెట్టి
"ఇదెలా వెలుగుతాదో నాకు తెలీదు. మీలో ఎవరికైనా?" అంది.
ఎవరం నోరు విప్పలేదు.
గుమ్మంలోంచి వాసుపల్లి దానయ్య
"కింద బొత్తాం టీచర్" అన్నాడు.
వాడి పక్కన నిలబడి రాసుకుంది,
తప్పు నొక్కింది, తెరంతా నీలమైపోయింది,
మళ్లీ నొక్కింది.
అందరి ముందూ.
పరువు పోయింది ఆవిడది,
ఎందుకో, నొప్పి పుట్టింది నాకు.

ఆ సాయంత్రమే స్టాఫ్‌రూం గోడకి స్వయంగా మేకు కొట్టి
తాళంచెవి తగిలించింది.

మాకు తెలిసిన డిజిటల్ అంటే
పొద్దున్నే డాబా ఎక్కి ఫోన్లు ఆకాశానికి చూపించి
మన మొహం మనదేనని యాప్‌ని ఒప్పించుకోవడం.
కోడిగుడ్ల ఫొటో, మరుగుదొడ్ల ఫొటో.
ఆవిడా ఎక్కేది మాతో, ఎండకి చెంగు కప్పుకుని.
"ఇంత చాకిరీ చేయించుకున్నాయి కదా,
మన పని కూడా ఒకటి చెయ్యనీండి" అంది ఓరోజు.
ఆ మాట అరగడానికి నాకు ఆగస్టంతా పట్టింది.

బుధవారం చివరి పీరియడ్ మాకు వదిలేసింది.
రిపోర్టు లేదు. తలుపు దగ్గరకేసి
"పాడుచేసుకోండి" అంది.
హిందీ ఫాతిమున్నీసా గారు పద్యం పెట్టబోయి
చేపల పులుసు పెట్టారు.
నేను త్రిభుజం మూల పట్టుకుని వేలితో లాగాను.
కోణం సాగింది, పక్కకోణం ముడుచుకుంది,
మొత్తం మాత్రం నూటఎనభై దగ్గరే నిలబడి ఉంది.
ఇరవై ఆరేళ్లుగా చెప్తున్న మాటే.
చూడ్డం మొదటిసారి.

అక్టోబరు తుఫానుకి తెర ఎడమ సగం చచ్చిపోయింది.
కిటికీ వెయ్యడం మరిచిపోయింది నేను.
పైనుంచి వచ్చిన కాయితానికి ఆవిడే జవాబు రాసింది.
ఏం రాసిందో చూపించలేదు.
అటెండర్ పరదేశి చెప్పాడు:
"మీ పేరు లేదు బాబూ, ఆవిడ పేరే ఉంది."
మిగిలిన కుడి సగంలోనే
డిసెంబరు దాకా పాఠాలు నడిపాం.

జూన్‌లో ఆవిడకి పాడేరు బదిలీ.
సీనియారిటీ లెక్కన ఇన్‌చార్జి నేను.
కొత్త తెర దిగింది. సంతకం పెట్టించుకున్నారు,
విలువ అంకెల్లోనూ, అక్షరాల్లోనూ.
ఆ రాత్రి గాలి తలుపు తడుతుంటే
ఉప్పు గుర్తొచ్చింది.
అప్పలాచారి గారు గుర్తొచ్చారు.
మంచి మనిషే, పాపం. ఒక్కడే భయపడ్డాడు.

పొద్దున్న అందరికంటే ముందొచ్చాను.
బీరువాలో పూలగుడ్డ, మడత నలగలేదు.
గోడకి మేకు ఒక్కటే ఉంది.
నా చెయ్యి ఎప్పుడు వెళ్లిందో, ఎప్పుడు తిరిగొచ్చిందో!

కొత్త సైన్సు టీచరు, నిన్ననే చేరిన పిల్ల,
గుమ్మంలో నిలబడి అడుగుతోంది
"సార్, ఆ గది తాళం?"

జేబులో ఇనుము
వెచ్చబడుతోంది.